వంకర పళ్ళకు మందు ఉన్నదా?

మా వైద్యశాలకు పిల్లలను వెంటబెట్టుకుని వచ్చే తల్లులు ముందుగా జలుబు గురించో, అజీర్ణం గురించో చెబుతారు. నాడి చూసి, మందు కట్టి ఇచ్చి, పథ్యం చెప్పిన తరువాత, లేవబోతూ అసలు మాట బయటపెడతారు. "అయ్యా, మా అమ్మాయికి పన్ను మీద పన్ను వచ్చింది. రేపు పెళ్ళీడుకు వస్తే ఇబ్బంది కదండీ! మీ ఆయుర్వేదంలో దీనికేదైనా నూనెగానీ, లేపనంగానీ లేదా?" అని అడుగుతారు. పక్కన నిలబడిన ఆ పిల్ల అరచేతితో నోరు మూసుకుంటుంది. నలభై ఏళ్ళకు పైబడిన నా వైద్యవృత్తిలో ఈ ప్రశ్న ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు.

నా సమాధానం ఒక్కటే. వంకరగా మొలిచిన పంటిని సరిచేసే మందు ఆయుర్వేదంలో లేదు. ఏ నూనె పుక్కిలించినా, ఏ చూర్ణంతో రుద్దినా, ఏ వేరు నమిలినా పన్ను తన చోటు నుండి సరియైన చోటికి జరగదు. అయితే మందు లేదన్నంత మాత్రాన మార్గం లేదని కాదు. మార్గం ఉన్నది, అది దంతవైద్యుల చేతిలో ఉన్నది. ఆ మార్గం ఏమిటో, ఎప్పుడు వెళ్ళాలో, అక్కడికి వెళ్ళిన తరువాత మన వంటింటి వైద్యం ఎంతవరకు తోడ్పడుతుందో వివరించడమే ఈ వ్యాసం ఉద్దేశం. ఈ విషయంలో నేనొకసారి పొరపాటు పడ్డాను. దానిని కూడా దాచకుండా చెబుతాను.

శాస్త్రం ఏమంటున్నది?

మన పూర్వులు దంతాలను చిన్నచూపు చూడలేదు. సుశ్రుతుడు అస్థులను ఐదు విధాలుగా విభజించి, దంతాలను రుచకాస్థులన్నాడు. ఒకసారి రాలి మరల పుట్టేవి గనుక సంస్కృతంలో దంతానికి ద్విజమని పేరు. పిల్లల వైద్యానికి ప్రామాణికమైన కాశ్యప సంహితలో దంతాల పుట్టుక గురించి ఒక అధ్యాయమే ఉన్నది. మంచి పలువరుసకు అందులో చెప్పిన లక్షణాలు చూస్తే ఆశ్చర్యం కలుగుతుంది. పళ్ళు నిండుగా ఉండాలి, సమంగా ఉండాలి, గట్టిగా, తెల్లగా, నున్నగా ఉండాలి. పై వరుస కింది వరుస కంటె కొంచెం ముందుకు ఉండాలి. నేటి దంతవైద్యులు కూడా పై పళ్ళు కింది పళ్ళను కొద్దిగా కప్పుతూ ఉండడమే సరియైన అమరిక అంటారు.

ఇక వంకర పళ్ళ సంగతి. ప్రకోపించిన వాయువు దంతాలను ఆశ్రయించి, మెల్లమెల్లగా వాటిని వికృతంగా, ఎగుడుదిగుడుగా చేసే వ్యాధిని కరాళమన్నారు. మాధవ నిదానం పాఠం జరుగుతున్న రోజున మా గురువుగారు ఈ లక్షణం చెప్పి ఊరుకున్నారు. "దీనికి చికిత్స ఏమిటండీ?" అని మేము అడిగాము. "శ్లోకం చివరిదాకా చదవండి. అది సిద్ధించదని అక్కడే ఉన్నది కదా!" అన్నారు. మాకు నిరుత్సాహం కలిగింది. అప్పుడాయన మరొక మాట అన్నారు. "గుల్మ చికిత్సలో శస్త్రం పట్టవలసిన ఘట్టం రాగానే, ఇది ధాన్వంతర సంప్రదాయం వారి అధికారమని చెప్పి చరకుడే తప్పుకున్నాడు. తనకు చేతకానిది ఎవరికి చేతనవునో తెలిసి, రోగిని సకాలంలో అక్కడికి పంపేవాడే వైద్యుడు. అసాధ్యమని తెలిసీ మందు ఇచ్చేవాడు వ్యాపారి."

ఆనాడు శ్లోకాలతో పాటు ఆ మాట కూడా వల్లించాను. దాని అర్థం మాత్రం చాలా ఏళ్ళకు గాని ఒంటబట్టలేదు.

ఒక రబ్బరు బ్యాండు నేర్పిన పాఠం

2004లో, వేసవి సెలవులలో, ఒక తల్లి తన పదమూడేళ్ళ కుమార్తెను నా వద్దకు తీసుకువచ్చినది. పై ముందుపళ్ళు రెండింటి దగ్గర చిగురు వాచి, ఎర్రగా ఉన్నది. నొక్కితే రసి వస్తున్నది. రెండు పళ్ళూ కొద్దిగా కదులుతున్నాయి. ఆహారం అడిగాను, విరేచనం అడిగాను, నిద్ర అడిగాను. దంతవేష్టకమని నిర్ణయించి, త్రిఫలా కషాయంతో పుక్కిలించమని, చిగుళ్ళకు పూసుకోవడానికి చూర్ణం ఇచ్చి, వారం తరువాత రమ్మన్నాను. వారానికి వాపు కొంచెం తగ్గినట్లే కనిపించినది. మరొక రెండు వారాలు అదే మందు కొనసాగించాను. అప్పటికి పళ్ళు కిందికి దిగినట్లు పొడవుగా కనిపిస్తున్నాయి. కదలిక మరింత పెరిగినది. అప్పుడు గాని పట్టణంలోని దంతవైద్యుని వద్దకు పంపలేదు.

ఆయన చిగురు విప్పి చూస్తే, లోపల, రెండు పళ్ళ వేళ్ళను చుట్టుకుని ఒక చిన్న రబ్బరు బ్యాండు బయటపడినది! జరిగినదేమిటో ఆ పిల్ల ఏడుస్తూ చెప్పినది. ఆమె ముందుపళ్ళ మధ్య సందు ఉండేది. మేనమామ పెళ్ళి దగ్గర పడుతున్నది, ఫొటోలు తీస్తారు. రబ్బరు బ్యాండు వేసుకుంటే సందు పూడుతుందని ఎవరో స్నేహితురాలు చెబితే, రాత్రిపూట రహస్యంగా వేసుకునేది. సందు తగ్గుతున్నట్లు కనిపించే సరికి ఉత్సాహం పెరిగినది. ఒకనాటి ఉదయం చూస్తే బ్యాండు కనిపించలేదు. నిద్రలో మింగి ఉంటానని అనుకుని ఊరుకున్నది.

పన్ను ఆకారం గమనించండి. కొన దగ్గర వెడల్పుగా ఉండి, వేరు వైపు సన్నబడుతుంది. అందువల్ల పంటికి చుట్టిన బ్యాండు ఉన్నచోట నిలవక, చిగురు కిందికి దూరి, వేరు వెంబడి లోలోపలికి జారిపోతుంది. పోతూ పోతూ పంటిని పట్టి ఉంచే నారపొరను, ఎముకను తినివేస్తుంది. ఆ పిల్లకు రెండు పళ్ళలో ఒకటి తీసివేయవలసి వచ్చినది. రెండవదానిని పక్క పళ్ళకు కట్టి, ఎంతో శ్రమపడి నిలబెట్టారు.

మొదటి రోజుననే నేను ఒక్క ప్రశ్న అడిగి ఉంటే — "అమ్మాయీ, పళ్ళకు ఏమైనా చేసుకున్నావా?" అని — ఆ మూడు వారాలు వృథా అయ్యేవి కావు. రెండు పళ్ళూ దక్కేవని నిశ్చయంగా చెప్పలేను. దక్కే అవకాశం మాత్రం మెరుగుగా ఉండేది. పదమూడేళ్ళ పిల్ల ముందుపళ్ళు కదులుతున్నప్పుడు అది చూర్ణంతో ఆగే వ్యాధి కాదని నాకు తట్టి ఉండవలసినది. తట్టలేదు. ఆ తరువాత పంటి కదలికతో ఎవరు వచ్చినా ముందు దంతవైద్యుని వద్దకు పంపి, తరువాతనే నా మందు మాట ఎత్తుతున్నాను.

పాఠకులకు నా మొదటి విన్నపం ఇదే. రబ్బరు బ్యాండ్లు, దారాలు, వేలితో రోజూ నొక్కడం, ఎవరో చెప్పిన చిట్కాలు — వీటితో పళ్ళను జరపడానికి ఇంట్లో ప్రయత్నించకండి. పిల్లలతో ఈ మాట ముందుగానే చెప్పి ఉంచండి.

పన్ను ఎలా కదులుతుంది?

"రబ్బరు బ్యాండు పంటిని పాడుచేస్తే, డాక్టరుగారు వేసే తీగ ఎందుకు పాడుచేయదు?" అనే సందేహం రావడం సహజం. పన్ను ఎముకలో మేకులా దిగ్గొట్టి లేదు. వేరుకూ ఎముకకూ నడుమ వెంట్రుకంత పలుచని నారపొర ఉన్నది. పంటి మీద ఒక వైపు నుండి మెల్లగా, ఎడతెగకుండా ఒత్తిడి పడితే, పన్ను జరగబోయే వైపున ఎముక కొద్దికొద్దిగా కరుగుతుంది. విడిచి వచ్చిన వైపున కొత్త ఎముక పుడుతుంది. ఆ విధంగా ఎముకతో సహా పన్ను చోటు మారుతుంది. నెలకు సుమారు 1 మిల్లీమీటరు, అంతే. తొందరపడి ఒత్తిడి పెంచితే పన్ను వేగంగా రాదు సరికదా, వేరే అరిగిపోతుంది. ఎంత బలం, ఏ దిశలో, ఎన్ని నెలలు అన్నది ఎక్స్‌రే చూసి లెక్కకట్టవలసిన విషయం. అందుకే ఇది ప్రత్యేక శాస్త్రమైనది.

దీనిని ఆర్థోడాంటిక్స్ అంటారు. ఫ్రాన్సు దేశపు దంతవైద్యుడు పియేర్ ఫోషార్ 1728లో ప్రచురించిన గ్రంథంలోనే, పళ్ళను ఒక లోహపు పట్టీకి దారాలతో కట్టి వరుసకు తెచ్చే విధానం ఉన్నది. అమెరికాకు చెందిన ఎడ్వర్డ్ యాంగిల్ 1899లో వంకర అమరికలను మూడు తరగతులుగా విభజించాడు. ఆ విభజననే నేటికీ దంతవైద్యులు వాడుతున్నారు. మన దేశంలో బి.డి.ఎస్. చదివిన తరువాత, ఈ విషయంలో మూడేళ్ళ ఎం.డి.ఎస్. చేసినవారే ఆర్థోడాంటిస్టులు.

పళ్ళు ఎందుకు వంకరపోతాయి?

మొదటి కారణం వంశపారంపర్యం. తండ్రి నుండి పెద్ద పళ్ళు, తల్లి నుండి చిన్న దవడ సంక్రమిస్తే పళ్ళకు చోటు చాలదు. అది మన చేతిలో లేదు. మన చేతిలో ఉన్న కారణాలు కొన్ని ఉన్నాయి.

వాటిలో ముఖ్యమైనది పాలపళ్ళను నిర్లక్ష్యం చేయడం. "పాలపళ్ళే కదా, ఎలాగూ ఊడిపోయేవే!" అని పుచ్చిన పంటిని పట్టించుకోరు. పాలపన్ను కేవలం నమలడానికే కాదు. కింద తయారవుతున్న శాశ్వత దంతానికి చోటు కాపాడే కావలి కూడా. అది అకాలంలో పోతే, పక్క పళ్ళు ఆ చోటులోకి ఒరుగుతాయి. తరువాత వచ్చే పన్నుకు దారి లేక పక్కకో, మీదికో పొడుచుకు వస్తుంది. మనవారు దొంగపన్ను అనేది చాలాసార్లు ఇలా చోటు దొరకని కోరపన్నే. పాలపన్ను ముందుగా తీయవలసివస్తే ఆ చోటు మూసుకుపోకుండా నిలిపే చిన్న తీగ అమరిక ఒకటి ఉన్నది. దాని గురించి దంతవైద్యుని తప్పక అడగండి.

రెండవది వేలు చీకడం. మూడు నాలుగేళ్ళలోపు మానితే చింత లేదు. ఆరేళ్ళకు శాశ్వత దంతాలు రావడం మొదలైన తరువాత కూడా కొనసాగితే పై పళ్ళు ముందుకు పొడుచుకువస్తాయి. వేలికి వేపాకు ముద్ద పూయడం మన ఇళ్ళలో పాత పద్ధతి. పూసినా, నలుగురిలో ఎగతాళి చేయకండి. భయం, బెంగ వల్ల వేలు నోట పెట్టే పిల్లలకు చేదు కంటె తల్లి ఒడి మంచి మందు.

మూడవది నోటితో గాలి పీల్చడం. పిల్లవాడు నోరు తెరిచి నిద్రపోతున్నా, గురక పెడుతున్నా ముక్కు వెనుక అడినాయిడ్ గ్రంథులు వాచి ఉండవచ్చును. చెవి-ముక్కు-గొంతు వైద్యునికి చూపించాలి. మాటిమాటికీ నాలుకను ముందుపళ్ళకు నెట్టే అలవాటు కూడా పళ్ళ మధ్య సందుకు కారణమవుతుంది. ఇవి కాక, కొందరిలో రెండు ముందుపళ్ళ నడుమ ఎముకలో అదనపు పన్ను ఒకటి దాగి ఉంటుంది. అధికదంతాన్ని ఊడబెరకాలని సుశ్రుతుడు ఏనాడో చెప్పాడు.

ఏ వయసులో చూపించాలి?

ఏడేళ్ళ లోపుగా ఒకసారి ఆర్థోడాంటిస్టుకు చూపించమని అమెరికా ఆర్థోడాంటిస్టుల సంఘం సలహా. చూపించినంత మాత్రాన వెంటనే క్లిప్పులు వేస్తారని కాదు. చాలామందికి "మరొక నాలుగేళ్ళు ఆగి రండి" అని మాత్రమే చెబుతారు.

ఆరేళ్ళ వయసులో, పాలపళ్ళ వరుసకు వెనుక, ఏ పన్నూ ఊడకుండానే ఒక పెద్ద దవడపన్ను వస్తుంది. దానిని చాలామంది తల్లిదండ్రులు పాలపన్నని భ్రమపడతారు. అది జీవితాంతం ఉండవలసిన పన్ను. పుచ్చిపోతే పలువరుస మొత్తం చెడుతుంది. అలాగే ఎనిమిది నుండి పదకొండేళ్ళ మధ్య కొందరు పిల్లలకు పై ముందుపళ్ళు విసనకర్రలా విడివడి కనిపిస్తాయి. కోరపళ్ళు దిగిన తరువాత ఆ సందులు చాలావరకు వాటంతట అవే పూడుతాయి. ఏది ఆగదగినదో, ఏది ఆగరానిదో చూసి చెప్పడానికే వైద్యుడు.

ఆగరానిది ఏమంటే, దవడ ఎముకల హెచ్చుతగ్గులు. కింది దవడ చిన్నదై పై పళ్ళు ఎత్తుగా ఉన్న పిల్లలకు, పది నుండి పదమూడేళ్ళ మధ్య, ఎదుగుదల జోరుగా ఉన్న కాలంలో దవడను ముందుకు నిలిపే పరికరాలు ఇస్తారు. కింది దవడే ముందుకు వచ్చిన వారికి ఇంకా ముందుగా, ఎనిమిది తొమ్మిదేళ్ళకే చికిత్స ఆరంభించడం మేలు. ఆ వయసు దాటి ఎదుగుదల ఆగిన తరువాత, దవడ లోపం ఎక్కువగా ఉంటే శస్త్రచికిత్స తప్ప గత్యంతరం ఉండదు. మరొక మాట. ఎత్తుపళ్ళ పిల్లలు ఆటలలో కిందపడినప్పుడు ముందుపళ్ళు విరగగొట్టుకునే ప్రమాదం ఎక్కువ. కనుక ఇది అందానికి మాత్రమే సంబంధించిన విషయం కాదు.

ఉన్న మార్గాలు

తీసి పెట్టుకునే ప్లేట్లు: అంగుడుకు ఆని, సన్నని తీగలతో పళ్ళను నెట్టే అమరికలు ఇవి. ఒకటి రెండు పళ్ళు కొద్దిగా ఒరిగినప్పుడు, చిన్న పిల్లలలో పనికివస్తాయి. పెట్టుకోకుండా డబ్బాలో దాచితే ఫలితం శూన్యం.

లోహపు క్లిప్పులు: ప్రతి పంటికీ ఒక చిన్న లోహపు బిళ్ళను అతికించి, వాటి గుండా తీగ పోనిస్తారు. నాలుగు నుండి ఆరు వారాలకు ఒకసారి వెళ్ళి సరిచేయించుకోవాలి. వంచినా తన ఆకారానికి తానే తిరిగివచ్చే నికెల్-టైటానియం తీగలు వచ్చిన తరువాత నొప్పి, మాటిమాటికీ తీగ మార్చే అవసరం తగ్గాయి. ఈ మిశ్రలోహం 1960 ప్రాంతంలో అమెరికా నౌకాదళపు ప్రయోగశాలలో రూపొందినది. 1970 దశకంలో దంతవైద్యంలోకి వచ్చినది. అన్నింటిలో ఖర్చు తక్కువైనది, క్లిష్టమైన వంకరలను కూడా సరిచేయగలిగినది ఈ పద్ధతే. సామాన్యంగా ఏడాదిన్నర నుండి రెండేళ్ళు పడుతుంది.

సిరామిక్ క్లిప్పులు: పనిచేసే తీరు అదే, రంగు మాత్రం పంటి రంగు. కొంచెం పెళుసు, ఖర్చు ఎక్కువ. వాటికి కట్టే తెల్లని రబ్బరు ముక్కలు మన కూరల పసుపుకు రంగు మారతాయని ముందే తెలుసుకోండి.

లోపలి క్లిప్పులు: పళ్ళకు నాలుక వైపున అమరుస్తారు. బయటికి కనిపించవు. నాలుకకు మొదట రాపిడి, మాటలో తడబాటు ఉంటాయి. ఖర్చు చాలా ఎక్కువ.

పారదర్శకమైన అలైనర్లు: కంటికి ఆనని ప్లాస్టిక్ తొడుగులు ఇవి. అమెరికాలో 1990 దశకం చివర మొదలై నేడు మన పట్టణాలన్నింటికీ వచ్చాయి. వారానికో, రెండు వారాలకో ఒక తొడుగు మారుస్తూ పోవాలి. రోజుకు 20 నుండి 22 గంటలు పెట్టుకోవాలి. భోజనానికి, పళ్ళు తోముకోవడానికి మాత్రమే తీయాలి. క్రమశిక్షణ గలవారికి, మోస్తరు వంకరలకు మంచి మార్గం. గంటకొకసారి కాఫీ, టీ తాగేవారికి, పెట్టుకోవడం మరిచిపోయే పిల్లలకు డబ్బు దండుగ. దంతవైద్యుడు నోరు చూడకుండా తపాలాలో తొడుగులు పంపే వ్యాపారం విదేశాలలో పెరిగినది. అటువంటి పెద్ద అమెరికన్ సంస్థ ఒకటి 2023 డిసెంబరులో మూతపడితే, చికిత్స మధ్యలో ఉన్నవారు దిక్కుతోచక నిలబడిపోయారు. ఎక్స్‌రే తీయని, చిగుళ్ళు పరీక్షించని చోట ఈ చికిత్స ఆరంభించవద్దు.

పన్ను తీయడం: చోటు బాగా చాలనప్పుడు, కోరపన్ను వెనుకనున్న చిన్న దవడపళ్ళను తీయించి ఆ చోటులో మిగిలినవాటిని సర్దుతారు. మంచి పళ్ళను తీయడమా అని పెద్దవారు బాధపడతారు. పై పన్ను తీస్తే కంటిచూపు పోతుందనే భయం మన పల్లెలలో నేటికీ ఉన్నది. పంటి వేరుకూ కంటిచూపుకూ సంబంధం లేదు. అయితే ఎందుకు తీయవలసివస్తున్నదో వైద్యుని అడిగి తెలుసుకునే హక్కు మీకున్నది.

వీటన్నింటికీ చివర ఒక మెట్టు ఉన్నది. దానిని దాటవేసేవారే ఎక్కువ. క్లిప్పులు తీసిన తరువాత రిటెయినర్ అనే అమరికను, మొదట వైద్యుడు చెప్పినన్ని గంటలు, ఆపైన రాత్రిపూట ఏళ్ళ తరబడి పెట్టుకోవాలి. కదిలి వచ్చిన పంటికి పాత చోటు మీద మమకారం పోదు. రిటెయినర్ మానితే రెండేళ్ళ శ్రమ కొద్ది నెలలలో వెనక్కు పోవచ్చును.

ఖర్చు గురించి బెంగపడేవారు ప్రభుత్వ దంతవైద్య కళాశాలలను సంప్రదించండి. హైదరాబాదు అఫ్జల్‌గంజ్‌లో, విజయవాడలో, కడపలో ఇవి ఉన్నాయి. కొంత వేచి ఉండవలసి వచ్చినా, అధ్యాపకుల పర్యవేక్షణలో, బయటికంటె చాలా తక్కువ ఖర్చుతో చికిత్స జరుగుతుంది.

పెద్ద వయసులో పనికివస్తుందా?

పనికివస్తుంది. చిగుళ్ళు, ఎముక ఆరోగ్యంగా ఉంటే ముప్ఫై, నలభై ఏళ్ళు దాటినవారికి కూడా పళ్ళు జరుగుతాయి. కొంచెం ఆలస్యం కావచ్చును. చిగుళ్ళ వ్యాధి ఉంటే ముందు దానిని నయం చేసుకోవాలి. మధుమేహం ఉన్నవారు దానిని అదుపులో పెట్టుకున్న తరువాతనే ఆరంభించాలి. పెళ్ళిచూపులకు రెండు నెలల ముందు వచ్చి "త్వరగా సరిచేయండి" అంటే ఏ వైద్యుడూ చేయలేడు.

నమలడానికి, మాటకు, శుభ్రతకు ఏ ఇబ్బందీ లేక, కొద్దిపాటి సందో వంకరో ఉండి, ఆ మనిషికి దానితో బాధ లేకపోతే చికిత్స అవసరం లేదు. బలవంతాన చేయించరాదు. పళ్ళ సందు అదృష్టమని నమ్మి హాయిగా నవ్వేవారిని నవ్వనివ్వండి.

క్లిప్పులు ఉన్నప్పుడు ఇంటి వైద్యం

ఇక్కడ మన వంటిల్లు నిజంగా ఉపయోగపడుతుంది. క్లిప్పులు వేసిన మొదటి నాలుగైదు రోజులు పళ్ళు సలుపుతాయి. మెత్తని పప్పన్నం, పెరుగన్నం, ఇడ్లీ, రాగిజావ ఇవ్వండి. బుగ్గ లోపల ఒరుసుకుని పుండు పడితే, దంతవైద్యుడు ఇచ్చే మైనాన్ని ఆ క్లిప్పు మీద అద్దాలి. పుండుకు అతిమధురం చూర్ణాన్ని నేతిలో కలిపి పూయవచ్చును. అతిమధురం వేసి కాచి, వడగట్టి, గోరువెచ్చగా ఉన్న నీటిని నోట పట్టి ఉంచితే మంట శమిస్తుంది.

చిగుళ్ళు వాచకుండా రోజుకు ఒకసారి పలుచని త్రిఫలా కషాయంతో పుక్కిలించడం నా రోగులకు మేలు చేసినది. ఉదయం నువ్వులనూనెతో గండూషం చేసే అలవాటు ఉన్నవారు కొనసాగించవచ్చును. అది నోటి పొడిదనాన్ని తగ్గిస్తుందే గాని పంటిని జరపదు. ఇవేవీ బ్రష్షుకు బదులు కావు. చరకుడు చెప్పిన చేదు, వగరు పుల్లలతో దంతధావనం మంచిదే. అయితే క్లిప్పులున్న నోటికి వేపపుల్ల పనికిరాదు, తీగ ఊడుతుంది. బొగ్గుపొడి, ఉప్పు, గరుకు పళ్ళపొడి కూడా మానాలి. మెత్తని బ్రష్షుతో, ఫ్లోరైడు ఉన్న పేస్టుతో, తిన్న ప్రతిసారీ తోముకోవాలి. తీగ కింద శుభ్రానికి సన్నని బ్రష్షులు వేరుగా దొరుకుతాయి. ఈ శ్రద్ధ లేకపోతే, క్లిప్పులు తీసిన రోజున పళ్ళు వరుసగానే ఉంటాయి గాని, వాటి మీద పుచ్చుకు నాందియైన తెల్లని మచ్చలు కనిపిస్తాయి.

మానవలసినవి: చెగోడీలు, గట్టి జంతికలు, వేరుసెనగ అచ్చులు, చెరకుగడ, మాగాయ టెంక చీకి కొరకడం, బంక మిఠాయిలు. జామకాయ, యాపిల్ వంటివి కొరకకుండా చిన్న ముక్కలుగా కోసి తినాలి. చల్లని పానీయాలు దాదాపుగా మానడం మంచిది.

వైద్యుని అడగవలసినవి

చికిత్స ఆరంభించే ముందు ఈ ఐదూ అడగండి. మీరు ఆర్థోడాంటిక్స్‌లో ఎం.డి.ఎస్. చేశారా? మా పిల్లకు చికిత్స ఇప్పుడే అవసరమా, ఆగవచ్చునా? పళ్ళు తీయాలా, ఎందుకు? మొత్తం ఖర్చులో రిటెయినర్ కూడా కలిసి ఉన్నదా? మధ్యలో మేము ఊరు మారితే ఎలా? మంచి వైద్యుడు ఈ ప్రశ్నలకు విసుగుకోడు.

ఆనాటి ఆ పిల్ల గురించి చెప్పి ముగిస్తాను. పోయిన పంటి చోట కొన్నేళ్ళు తీసిపెట్టే పన్ను వాడి, ఎదుగుదల పూర్తయిన తరువాత స్థిరమైన పన్ను కట్టించుకున్నది. ఇప్పుడు ఆమెకూ ఒక కూతురు ఉన్నది. పేరు లేకుండా తన కథ రాయమని ఈ వ్యాసానికి అనుమతి ఇచ్చినది ఆమెయే. నిరుడు తన పాపను దగ్గు మందు కోసం తీసుకువచ్చినది. పాపకు ఆరో ఏడు నడుస్తున్నది. అలవాటుగా నోరు తెరవమని చూస్తే, కింది పాలపన్ను వెనుక నుండి కొత్త పన్ను తొంగిచూస్తున్నది. నేను నోరు విప్పేలోపుననే ఆమె నవ్వి, "తెలుసు తాతగారూ, సోమవారం పంటి డాక్టరుగారి దగ్గరకు వెళుతున్నాము. మీరు దగ్గుకు మాత్రం ఇవ్వండి చాలు" అన్నది.

దగ్గుకు మందు ఇచ్చి పంపాను.